మొరాయించిన హార్డ్ డిస్క్ నుంచి నాన్న ఫొటోలు

బీరువాలో నాలుగేళ్లుగా పడున్న హార్డ్ డిస్క్‌ని మొన్న లాప్‌టాప్‌కి పెడితే, ఫోల్డర్ తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు పట్టింది. ఫొటోలు పైసగం కనిపించి, కిందంతా బూడిదరంగు. నాన్న షష్టిపూర్తి ఫొటోలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఇలాంటప్పుడు వెంటనే చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ లోపాలు సరిచేసే ప్రోగ్రామ్) నడపాలనిపిస్తుంది. దయచేసి నడపకండి, పాడవుతున్న డిస్క్ మీదే అది మళ్లీ రాస్తుంది. నేను ఉబుంటు (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ బూట్ చేసి, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టు చూశాను. కరెంట్ పెండింగ్ సెక్టార్ల దగ్గర 212 ఉంది. అంటే, డిస్క్‌లో డేటా దాచే చిన్న చిన్న గదుల్లాంటి సెక్టార్లలో, చదవబోతే మొరాయిస్తున్నవి అన్ని.

డీడీరెస్క్యూ అనే డేటా రికవరీ ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని కొత్తదాంట్లోకి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీశాను. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలు లాగేసి, మొండి సెక్టార్ల జోలికి చివర్లో వెళ్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్‌ఫైల్ తప్పకుండా ఇవ్వండి. మా ఇంట్లో అర్ధరాత్రి కరెంటు పోయింది, అయినా ఆగినచోటి నుంచే మళ్లీ మొదలైంది. మూడు ఫొటోలు తప్ప అన్నీ దక్కాయి.

ఇప్పుడు రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో దాచాను. ఎస్ఎస్‌డీలో (తిరిగే పళ్లాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్) పెట్టి బీరువాలో పడేయలేదు, ఎందుకంటే కరెంటు అందకపోతే అందులో డేటాను పట్టి ఉంచే విద్యుదావేశం మెల్లగా కారిపోతుంది. ఎంత డేటా రాయొచ్చన్న పరిమితి మొత్తం వాడేసిన మామూలు ఎస్ఎస్‌డీ నుంచి జెడెక్ (చిప్‌ల పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం కోరేది, కరెంటు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క ఏడాది డేటా నిలవాలనే. ఆర్నెల్లకోసారి రెండు డిస్కులూ తీసి, ఫైళ్లు మారలేదని తేల్చే చెక్‌సమ్‌లు (ఫైల్ నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్యలు) సరిచూస్తున్నాను.