ఎండాకాలంలో కరివేపాకు మొక్క వాడిపోకుండా, సీతాకోకచిలుకలు మళ్లీ వచ్చేలా ఏం చేశానంటే (నా అనుభవం)

ఏప్రిల్ వచ్చిందంటే పెరట్లో కరివేపాకు, నిమ్మ వాడిపోయేవి. లేత చిగుళ్లు లేక నిమ్మ సీతాకోకచిలుకలు అలా వచ్చి గుడ్లు పెట్టకుండానే వెళ్లిపోయేవి. రెండు పూటలా పైపు, తలకిందులుగా గుచ్చిన బాటిళ్లు, షేడ్ నెట్, ఏదీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది మట్టి ముంత. రంగు, పాలిష్ లేనిదే కొనండి, నీళ్లు పోసిన కాసేపటికి బయటివైపు చెమ్మగిల్లాలి. మొక్క మొదలుకు జానెడు దూరంలో గొయ్యి తీసి, మెడ దాకా పూడ్చి, చుట్టూ మట్టిని గట్టిగా అదిమాను, మధ్యలో ఖాళీ ఉంటే చెమ్మ వేళ్లకు అందదు. తర్వాత నీళ్లు నింపి మూకుడు బోర్లించి (లేకపోతే దోమలు!), పైన ఎండుటాకులు మందంగా పరిచాను. సగం తగ్గాక మళ్లీ నింపడమే. పురుగుమందులు ఆపేశాను, వేపనూనెతో సహా.

చిగుళ్లొచ్చాయి. వాటి మీద పిట్టరెట్టలా కనిపించేవి నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగులే, దులిపేయకండి, నాలుగాకులు పోతే పోనీ.

ఇందులో ముంత పని ఎంత, ఎండుటాకుల పని ఎంత అని విడదీసి చెప్పలేను. మాది ఎర్రమట్టి, మొక్కలూ చిన్నవే. పెద్ద చెట్టుకు ఒక్క ముంత చాలదు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ముంత రంధ్రాలు పూడుకుపోవచ్చు.