పాలు కక్కే బిడ్డ: నాలుగో నెల రాకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పసిపిల్లలు పాలు కక్కడం మొదటి వారాల్లోనే మొదలై, నాలుగో నెలకు బాగా ఎక్కువవుతుంది. ఆ వయసులో ముగ్గురిలో ఇద్దరు రోజుకు ఒక్కసారైనా కక్కుతారు. ఏడాది నిండేసరికి చాలామందిలో దానంతట అదే పోతుంది. దీనికి కారణం అజీర్తి కాదు, దిష్టి అంతకన్నా కాదు. అన్నవాహిక కింది చివర బిగిసి ఉండాల్సిన కండరం ఈ వయసులో మాటిమాటికీ వదులవుతుంది. తాగేది పాలు, పొట్టేమో చిన్నది, రోజంతా పడకే. పాలు పైకి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

పెరుగు తరకల్లా వచ్చినా కంగారు వద్దు. కడుపులో పాలు విరుగుతాయి, విరగాలి కూడా. ఎంత కక్కిందో అంచనా కావాలంటే ఒక టీ స్పూను, అంటే 5 మి.లీ. పాలు పొడి గుడ్డ మీద పోసి చూడండి. ఆ కాసిని పాలకే ఎంత మరక పడుతుందో! ‘తాగిందంతా కక్కేసింది’ అని ఇంట్లో అనుకునేది చాలాసార్లు ఇలాంటి రెండు స్పూన్లే. బరువు పెరుగుతూ, కక్కాక కూడా హాయిగా ఆడుకునే బిడ్డకు మందు అక్కర్లేదు.

డబ్బా పాలైతే లెక్క చూసుకోవాలి. రోజుకు కిలో బరువుకు సుమారు 150 మి.లీ. చాలు. 5 కిలోల బిడ్డకు 750 మి.లీ.; ఎనిమిది సార్లుగా పంచితే ఒక్కోసారికి 95 మి.లీ. లోపే. కక్కగానే పొట్ట ఖాళీ అయిందని మళ్లీ పట్టించడం మామూలుగా జరిగే పొరపాటు. నిండిన పొట్ట మళ్లీ పొంగుతుంది. సీసా గిలక్కొట్టినప్పుడు వచ్చే నురగ తగ్గేదాకా ఆగండి. తలకిందులు చేస్తే పాలు చుక్కలుగా పడాలి, ధార కట్టకూడదు. తాగినంతసేపూ పాలపీక పాలతో నిండి ఉండాలి, లేకుంటే బిడ్డ గాలి మింగుతుంది. తల్లిపాలకు ఈ కొలతలేవీ వద్దు, కక్కుతోందని మాన్పించొద్దు. పాలు జోరుగా పడే తల్లి కాస్త వెనక్కి వాలి కూర్చుంటే సరి.

తాగాక 20–30 నిమిషాలు భుజాన నిటారుగా ఎత్తుకోండి. కారు సీటులో కూర్చోబెడితే ఒళ్లు ముడుచుకుని పొట్ట నొక్కుకుంటుంది, ఇంకా కక్కుతుంది. మొలతాడు, డైపరు పొట్ట మీద బిగుతుగా ఉండకూడదు.

నూనె మర్దన, కాళ్ల మీద బోర్లా వేసి నీళ్లు పోయడం పాలకు ముందే కానివ్వాలి. తాగేసి ఉంటే కనీసం గంట ఆగండి. ముక్కులో నూనె చుక్కలు వేయడం, గొంతులో వేలు పెట్టి కఫం తీయడం ఎంత పెద్దవాళ్లు చెప్పినా వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.

పడక విషయంలోనే భయం తప్పుదారి పట్టిస్తుంది. వెల్లకిలా పడుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయని బోర్లా వేస్తారు. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే పైకెక్కాలి. బోర్లా వేస్తే అది తారుమారవుతుంది, నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పూ పెరుగుతుంది. చదునైన, గట్టి పరుపు మీద వెల్లకిలానే పడుకోబెట్టండి. తల కింద దిండు వద్దు. చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనుతుంది, కాబట్టి రాత్రి నిద్రకు అది పనికిరాదు.

ఆరు నెలల లోపు గ్రైప్ వాటర్, వాము నీళ్లు వద్దు. తేనె ఏడాది దాకా వద్దు. పాత చీటీ చూపించి వాంతులు ఆపే డాంపెరిడాన్ చుక్కలు కొనకండి, గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. యాసిడ్ తగ్గించే మందులు కక్కడాన్ని ఆపలేవు, పైగా ఇన్ఫెక్షన్ల ముప్పు పెంచుతాయి. మలంలో రక్తం, జిగురు, ఒంటి మీద ఎగ్జిమా (దురద పెట్టే ఎర్రటి పొడి మచ్చలు) కనిపిస్తే ఆవు పాల ప్రొటీన్ పడకపోవడం కావచ్చు. అప్పుడు డాక్టరు 2–4 వారాలు తల్లిని పాలు, పెరుగు, మజ్జిగ, పనీర్ మానేయమంటారు.

ఆకుపచ్చ వాంతి పేగు మెలికపడ్డ సూచన కావచ్చు; అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. రక్తం పడినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, మాడు ఉబ్బినా, జ్వరంతో మగతగా ఉన్నా, ఊపిరి ఆగి నీలంగా మారినా అంతే. మూడు నుంచి ఆరు వారాల బిడ్డ తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మేలా కక్కి, వెంటనే ఆకలికి ఏడిస్తే జీర్ణాశయం (పొట్ట) కింది ద్వారం మూసుకుపోతోందేమో అదే రోజు చూపించాలి. మూత్రం బాగా తగ్గినా, బరువు పెరగకపోయినా, కక్కడం ఆరు నెలల తర్వాత కొత్తగా మొదలైనా డాక్టరుకు చెప్పండి. వెళ్లేటప్పుడు బరువుల కార్డుతో పాటు మరక పడ్డ గుడ్డను ఉతక్కుండా తీసుకెళ్లండి. రంగు చూస్తే సగం సంగతి అక్కడే తేలుతుంది.