సీటు వెనక ఇంజిన్ పెట్టి కారు కట్టేవాళ్లు మొదట గేర్‌బాక్స్ తేల్చుకోవాలి

మిడ్ ఇంజిన్ కారు, అంటే ముందు, వెనక యాక్సిళ్ల (ఇరుసుల) మధ్య ఇంజిన్ ఉండే కారు, కట్టాలనుకున్నవాళ్లు ఎక్కువగా మొదట ఇంజిన్ కొంటారు, ఆ తరవాత దానికి గేర్‌బాక్స్, షాఫ్టులు వెతుకుతారు. పనులు సగంలో ఆగేది ఇక్కడే. ఇంజిన్ బలం ఏ దారిన వెనక చక్రాలకు చేరాలన్నది ముందు తేలాలి. ఇంజిన్ దాన్నిబట్టి వస్తుంది.

ఒక సంగతి మొదటే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి ఈ కారు సొంత స్థలానికి, ట్రాక్‌కు, విద్యార్థుల పోటీలకు మాత్రమే. సాలూరు నుంచి ఒడిశాలోని కొరాపుట్ ఎక్కే ఘాట్ మీద పరీక్షించాలన్న ఆలోచన పెట్టుకోవద్దు.

మనకు అందుబాటులో ఉన్న అమరికలు చూద్దాం. మారుతి ఓమ్నీ పుట్టుకతోనే మిడ్ ఇంజిన్ బండి. 796 సీసీ ఇంజిన్ ముందు సీట్ల కింద పొడవుగా ఉంటుంది, అక్కడినుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక హౌసింగ్‌కు (వెనక చక్రాల మధ్య ఉండే ఇరుసు పెట్టెకు) వెళ్తుంది. జయపురంలోనైనా రాయగడలోనైనా దీని పని తెలియని మెకానిక్ ఉండడు. కానీ అదే ఇంజిన్‌ను సీటు వెనక్కి జరిపితే ఇంజిన్, గేర్‌బాక్స్, షాఫ్ట్ మూడూ వరసగా పట్టాలి. చోటు చాలక షాఫ్ట్ బాగా పొట్టిదవుతుంది. హౌసింగ్ పైకీ కిందికీ ఊగినప్పుడు పొట్టి షాఫ్ట్ చివర్లలోని క్రాస్ జాయింట్ల కోణం అమాంతం పెరిగి, అవి త్వరగా అరిగిపోతాయి. డ్రైవర్ ఇంజిన్ పైన గానీ పక్కన గానీ కూర్చునే బగ్గీకైతే ఓమ్నీ సరిపోతుంది. నేలకు దగ్గరగా ఉండే రెండు సీట్ల కారుకు పనికిరాదు.

పొడవుగా పెట్టే ఇంజిన్‌తో ట్రాన్సాక్సిల్ (గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉండేది) కావాలంటే ఇక్కడ దొరికేవి తక్కువ. మొదటి తరం స్కోడా సూపర్బ్ అలాంటిది. అందులో ఇంజిన్ యాక్సిల్‌కు ముందు, గేర్‌బాక్స్ వెనక ఉంటాయి. మిడ్ ఇంజిన్‌కు కావలసిందీ అదే కాబట్టి తిప్పకుండా యథాతథంగా వెనక్కి తేవచ్చు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ది ఇందుకు వ్యతిరేకం. ఇంజిన్ యాక్సిల్ వెనక ఉంటుంది గనక మొత్తాన్ని వెనుదిప్పాలి, అప్పుడు చక్రాలు రివర్స్‌లో తిరుగుతాయి. డిఫరెన్షియల్‌లోని క్రౌన్ వీల్‌ను (పెద్ద పళ్లచక్రాన్ని) పినియన్‌కు (దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రానికి) రెండో పక్కకు మార్చితేనే అది సరవుతుంది. సూపర్బ్ విడిభాగాల ఖర్చు మాత్రం మన ఊళ్లలో ఎక్కువే.

టాటా నానో ఇంజిన్ ఎలాగూ వెనకే ఉంది. 624 సీసీ, వెనక చక్రాలకే డ్రైవ్, హ్యాండ్‌బ్రేక్ కూడా ఆ చక్రాలకే. నాలుగైదు వందల కిలోల బగ్గీకి తక్కువ శ్రమతో అయిపోతుంది. ఇంతకన్నా చిన్న పోటీ బగ్గీలకు విద్యార్థులు మహీంద్రా ఆల్ఫా ఆటో గేర్‌బాక్స్ వాడుతుంటారు, అది కారుకు చాలదు.

ఇంట్లో కట్టేవాళ్లకు మా సలహా ఒక్కటే: ముందు చక్రాల డ్రైవ్ కారు నుంచి అడ్డంగా ఉన్న ఇంజిన్, గేర్‌బాక్స్‌లను రెండు షాఫ్టులు, నకిల్స్ (చక్రం హబ్‌ను పట్టే భాగాలు), స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాళ్లు), కింది ఆర్ములతో సహా మొత్తంగా తీసి సీటు వెనక అలాగే దింపండి. 1972 నాటి ఫియట్ ఎక్స్1/9, ఆ తరవాత పాంటియాక్ ఫియరో, టొయోటా ఎంఆర్2 నడిచిన దారి ఇదే. మారుతి 800, జెన్, ఎస్టీమ్, స్విఫ్ట్, ఏదైనా ఒకటి. అన్నీ ఒకే బండివి కావాలి. ఒక కారు షాఫ్టుకు మరో కారు నకిల్ అతికించబోతే స్ప్లైన్ల (షాఫ్ట్ చివరి గాడి పళ్ల) లెక్క కలవదు. షాఫ్ట్ కోసి వెల్డ్ చేయించడం ప్రమాదం, అతుకు పక్కనే విరుగుతుంది. అందుకే ఆ షాఫ్టుల పొడవు ఎంతో చూసి, మీ కారు వెనక చక్రాల వెడల్పు దాన్నిబట్టి పెట్టుకోండి.

ఢీకొన్న బండిని విజయనగరం, విశాఖ వైపు నుంచి కొనేవాళ్లు ఆర్‌సీ నకలు, అమ్మకం కాగితం తీసుకుని, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కలుస్తున్నాయో లేదో అక్కడే చూసుకోండి.

విప్పే ముందు కొలవండి, ఈ పని మళ్లీ చేసే వీలుండదు. బండిని సమతలం మీద నిలిపి నాలుగు కొలతలు రాసుకోండి: ఇంజిన్ వంపు కోణం, క్రాంక్ పుల్లీ మధ్య నుంచి నేలకు ఎత్తు, కింది ఆర్ముల లోపలి బుష్‌ల చోటు, స్టీరింగ్ ర్యాక్ రెండు చివర్ల బాల్ జాయింట్ల చోటు. వంపు మారితే సంపులో (ఇంజిన్ అడుగు గిన్నెలో) ఉన్న నూనె దాన్ని పీల్చే పికప్‌కు అందదు. సైలెన్సర్ వెనక్కి రావాలని ఇంజిన్‌ను వెనుదిప్పేవాళ్లున్నారు. అలా చేస్తే ముందుకు ఒకే గేరు, వెనక్కి నాలుగో అయిదో గేర్లు మిగులుతాయి.

ర్యాక్ చివర్ల కొలత ఎందుకంటే, ముందు చక్రాల నకిల్స్ ఇప్పుడు వెనకకు వచ్చాయి, వాటి స్టీరింగ్ చేతులు ఖాళీగా ఉన్నాయి. ర్యాక్ బాల్ జాయింట్ ఉండిన చోటే సబ్‌ఫ్రేమ్‌కు (ఇంజిన్‌ను, ఆర్ములను మోసే చట్రానికి) గట్టి బ్రాకెట్ వెల్డ్ చేసి, సర్దుబాటు ఉన్న టై రాడ్‌తో నకిల్‌ను కట్టెయ్యాలి. బ్రాకెట్ పైకో పక్కకో జరిగితే, గుంటలో పడ్డ ప్రతిసారీ వెనక చక్రం తనంతట తాను మళ్లుతుంది. వేగంలో కారు గిర్రున తిరగడానికి ఇది చాలు. స్ప్రింగులు తీసేసి, చక్రాన్ని జాకీతో కింది నుంచి పై దాకా ఎత్తుతూ ప్రతి 10 మి.మీ.కు టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన కొలత) కొలవండి. తుది సర్దుబాటులో రెండు చక్రాలకూ కలిపి 2 నుంచి 4 మి.మీ. టో ఇన్ (ముందు అంచులు లోపలికి) ఉంచండి. టో ఔట్ ససేమిరా వద్దు.

అదే సమయంలో షాఫ్టును చేత్తో తిప్పుతూ లోపలి జాయింట్ ఎక్కడా బిగుసుకోవట్లేదనీ, ఊడి రావట్లేదనీ చూడండి. జాయింట్‌ను కప్పే రబ్బరు బూటుకు సైలెన్సర్ పైపు తగలకూడదు. మన ఎర్రమట్టి వానాకాలం చిరిగిన బూటులోకి చేరిందంటే జాయింట్ అయిపోయినట్టే.

గేర్ లింకు కేబుల్‌దైతే సుఖం, పొడవు కేబుళ్లు చేయించి బిగించొచ్చు. మారుతి 800లా రాడ్ అయితే లివర్ ఇప్పుడు ఇంజిన్‌కు ముందుంటుంది గనక రాడ్ తోపు తిరగబడొచ్చు. అలా అయితే మధ్యలో బెల్‌క్రాంక్ (తోపు దిశను మార్చే మడత లివర్) పెట్టి దిశ మార్చాలి.

రేడియేటర్ ముక్కు దగ్గరే ఉండనివ్వండి. 32 మి.మీ. అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ పైపులు రెండు, రానుపోను. ఒక్కో మీటరులో సుమారు 650 మి.లీ. నీరు పడుతుంది, అయిదు మీటర్లకు మూడు లీటర్లు దాటుతుంది. కూలెంట్ కలిపేటప్పుడు ఈ లెక్క మరవద్దు. ఎత్తుగా ఉన్న ప్రతి చోటా గాలి తీసే స్క్రూ కావాలి. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మూత లేని నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కాబట్టి రేడియేటర్ క్యాప్ కొత్తది వెయ్యండి. ఆ ఎత్తులో గాలి పలచన గనక టర్బో లేని ఇంజిన్ బలం ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. కార్బురేటర్ బండైతే జెట్ కొంచెం చిన్నది పడుతుంది.

బ్రేకుల విషయంలో తొందర పనికిరాదు. డిస్కులు నకిల్స్‌తోపాటు వెనక్కి వెళ్లిపోయాయి. ముందు చక్రాలకు డ్రమ్ములు పెడితే, బ్రేక్ నొక్కగానే వెనక చక్రాలు మొదట లాక్ అయి కారు తిరిగిపోతుంది. ముందు చక్రాలకు అంతకన్నా పెద్ద డిస్కులు, వెనక లైనుకు సర్దుబాటు చేసుకునే ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించేది) తప్పనిసరి. తడి నేల మీద ముందు చక్రాలే మొదట లాక్ అయ్యేలా దాన్ని సరిచెయ్యండి. ఈ నకిల్స్‌కు హ్యాండ్‌బ్రేక్ ఉండదు. దానికి విడిగా కేబుల్‌తో డిస్కును బిగించే కాలిపర్ కట్టాలి.

పెట్రోలు ట్యాంకు, సీట్లు పెట్టాక మనిషిని కూర్చోబెట్టి ఒక్కో యాక్సిల్‌ను విడిగా తూకం వెయ్యండి. ట్రాలీ మీద తీసుకెళ్తే వేబ్రిడ్జిలో అయిపోతుంది. వెనక 55 నుంచి 60 శాతం వస్తే మంచిది. 65 దాటితే బ్యాటరీ, స్పేర్ చక్రం ముందుకు మార్చండి. ఇంజిన్ మౌంట్లు, టై రాడ్ బోల్టులు బిగించాక నట్టు మీద పెయింట్ గీత గియ్యండి. మొదటి నడక తరవాత గీత తప్పిన బోల్టు ఏదో కంటికి కనిపిస్తుంది, దాన్ని మళ్లీ బిగించకుండా స్టార్ట్ చెయ్యొద్దు.