జెపెసన్ చందా కట్టాలా, ఏఐపీ చార్టు సరిపోతుందా?

జక్కూరులోనో చెన్నైలోనో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు (బయటి దృశ్యం కాక పరికరాలు చూసి ఎగిరే అర్హతకు) సిద్ధమవుతూ, దేశంలోపలే ఎగిరే వాళ్లకు, విమాన చార్టులు అమ్మే జెపెసన్ కంపెనీ చందా తప్పనిసరేమీ కాదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ఉచితంగా పెట్టే ఈ-ఏఐపీలో (అధికారిక విమానయాన సమాచార పుస్తకపు ఎలక్ట్రానిక్ రూపంలో) బెంగళూరు, చెన్నై అప్రోచ్ చార్టులు, అంటే రన్‌వేకి దిగే దారి చూపే పటాలు ఉంటాయి. జెపెసన్, దాని పోటీదారు లిడో వాళ్లు చార్టు గీసేది కూడా ప్రధానంగా ఈ ఏఐపీ సమాచారం తీసుకునే. అందుకని ట్రాక్, ఎత్తులు, మిస్డ్ అప్రోచ్ (దిగకుండా మళ్లీ పైకెళ్లే దారి) రెండింట్లోనూ ఒకటే ఉండాలి. ఎక్కడైనా తేడా కనిపిస్తే ఏదో ఒకటి పాతదని అనుమానించండి.

ఈ-ఏఐపీ తెరిచాక ఏడీ (విమానాశ్రయాల) భాగంలో ఏడీ 2కి వెళ్లండి. బెంగళూరు కోడ్ వీఓబీఎల్, చెన్నైది వీఓఎంఎం. చార్టుల జాబితా ఏడీ 2.24లో ఉంటుంది. చార్టుతో పాటు ఏడీ 2.20, 2.22 కూడా చదవాలి. స్థానిక నియమాలు, ఫ్లైట్ ప్రొసీజర్లు అక్కడే ఉంటాయి, చార్టు మీద ఉండవు. బెంగళూరులో 09 ఎల్, 09 ఆర్, 27 ఎల్, 27 ఆర్ ఉన్నాయి కాబట్టి తొందరలో పక్క రన్‌వే చార్టు దించుకోవడం చాలా తేలిక. ఒకే రన్‌వేకి ఒకే రకం అప్రోచ్‌లు రెండుంటే పేరులో జెడ్, వై అని వస్తాయి. ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) చెప్పిన అక్షరమే మీ చార్టు మీద ఉందో లేదో చూసుకోండి. ఆర్ఎన్‌పీ (ఉపగ్రహ సంకేతాలతో దిగే) అప్రోచ్‌కి చార్టు వెంట వేపాయింట్ల (దారిలోని గుర్తు బిందువుల) పట్టిక పేజీ కూడా ఉంటుంది. మొదటి పేజీ ఒక్కటే ప్రింట్ తీసుకుని బయల్దేరకండి.

ఇక అసలు జాగ్రత్త పడాల్సింది మినిమా (దిగడానికి కావాల్సిన కనీస ఎత్తు, విజిబిలిటీ) దగ్గర. జెపెసన్ చార్టు కింద డీఏ, ఎండీఏ (రన్‌వే కనిపించకపోతే దిగడం ఆపాల్సిన ఎత్తులు), వాటికి తగిన విజిబిలిటీ నేరుగా అచ్చేసి ఉంటాయి. ఏఐపీ చార్టు మీద పట్టికలో ఉండేది ఓసీఏ (సముద్రమట్టం నుంచి కొలిచేది), ఓసీహెచ్ (రన్‌వే మొదలు, అంటే త్రెషోల్డ్ నుంచి కొలిచేది). అంటే అడ్డంకుల నుంచి రక్షణ ఉన్న ఎత్తు మాత్రమే. దాన్నే డీఏ అనుకుని దిగితే తప్పు. డీఏ మీరే కట్టుకోవాలి.

లెక్క వేయడానికి ఊహించిన అంకెలు తీసుకుందాం. ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో దిశ, ఎత్తు రెండూ చూపే పద్ధతి) కేటగిరీ 1, త్రెషోల్డ్ ఎత్తు 2900 అడుగులు, మీ విమానం వేగం కేటగిరీకి ఓసీఏ 3060. ఓసీహెచ్ 160 అయింది. కానీ ఐఎల్ఎస్ కేటగిరీ 1లో డీహెచ్ (త్రెషోల్డ్ నుంచి కొలిచిన డీఏ) 200 అడుగులకు తగ్గకూడదు. రెండింట్లో పెద్దది 200, కాబట్టి డీఏ 3100. అదే వీఓఆర్ (దిశ మాత్రమే చూపే రేడియో) అప్రోచ్‌లో ఓసీహెచ్ 420 వస్తే ఎండీహెచ్ (రన్‌వే నుంచి కొలిచిన ఎండీఏ) అంతకు తగ్గదు. ఏ పరికరానికి ఎంత కనీసం, విజిబిలిటీ ఎంత అన్నది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమావళి సీఏఆర్‌లో సెక్షన్ 8, సిరీస్ సీలో చూసుకోవాలి. మీ సంస్థ ఆపరేషన్స్ మాన్యువల్ ఇంకా ఎక్కువ అడిగితే దానిదే పైచేయి.

కేటగిరీ కాలమ్‌లోనూ పొరపాటు జరుగుతుంది. త్రెషోల్డ్ వేగం 91 నాట్లలోపు అయితే ఏ, 91 నుంచి 120 దాకా బీ. సెస్నా 172 ఏ కిందికే వస్తుంది. వెనక జెట్ ఉందని 100 నాట్లతో చివరిదాకా వస్తున్నారా, బీ కాలమ్ చదవండి.

చెన్నై ఎత్తు సముద్రమట్టానికి సుమారు 50 అడుగులే. అక్కడ ఓసీఏ బదులు ఓసీహెచ్ పట్టుకున్నా అంకె దగ్గర్లోనే ఉంటుంది గనుక తప్పు దొరకదు. కానీ క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే అమరిక) మీద పెట్టిన ఆల్టిమీటర్‌తో దాదాపు 50 అడుగులు ఎక్కువ దిగిపోతారు. బెంగళూరు సుమారు 3000 అడుగుల మీద ఉంది కాబట్టి అదే తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చెన్నైలోనే రెండుసార్లు చూసుకోవాలి.

ఏఐపీ సవరణలు 28 రోజులకోసారి, ఐరాక్ (ప్రపంచమంతా ఒకే రోజున మార్పులు అమలు చేసే) తేదీన, గురువారం అమల్లోకి వస్తాయి. యూటీసీ సున్నా గంటలంటే మనకు ఉదయం 5:30. చందా కట్టినవాళ్లకు యాప్ తానే కొత్తవి దించుకుంటుంది, ఉచిత దారిలో ఆ పని మీది. మారని చార్టు మీద పాత తేదీయే ఉంటుంది కాబట్టి తేదీ పాతదైనంత మాత్రాన చార్టు చెల్లనట్టు కాదు, అమల్లో ఉన్న ఎడిషన్‌లోని చార్టుతో పోల్చాలి. రాబోయే ఎడిషన్ కూడా పక్కనే కనిపిస్తే పొరపాటున దాన్ని తెరవకండి. వాట్సాప్ గ్రూపులో తిరిగే పీడీఎఫ్ మీద ఎగరడం మాత్రం అస్సలు వద్దు. ఏఐపీ సప్లిమెంట్లు, నోటామ్‌లు (తాత్కాలిక మార్పుల ప్రకటనలు) రెండు రకాల చార్టులకూ విడిగా చూడాల్సిందే.

డబ్బు పెట్టడం ఎప్పుడు మేలంటే, పలు దేశాలకు ఎగిరేటప్పుడు. ఒక్కో దేశం ఏఐపీ ఒక్కో తీరులో ఉంటుంది, జెపెసన్‌లో ఎక్కడికెళ్లినా సమాచారం అదే చోట దొరుకుతుంది. చిన్న టాబ్లెట్ వాడేవాళ్లకూ అంతే. ఏ4 పేజీ అందులో చదవాలంటే కళ్లు చికిలించాలి. ఎయిర్‌లైన్‌లోకి వెళ్లాలనుకునేవాళ్లు జెపెసన్ గుర్తుల వివరణ ఎలాగూ నేర్చుకోవాలి, దానికి చందా అక్కర్లేదు, పాత చార్టు చాలు. సిమ్యులేటర్‌కూ పాతవే చాలు.

చార్టు ఉచితంగా దొరికినా జీపీఎస్ డేటాబేస్ ఉచితం కాదని గుర్తుంచుకోండి. ఆర్ఎన్‌పీ అప్రోచ్‌ను చార్టు చూసి చేత్తో ఎక్కించకూడదు, డేటాబేస్ నుంచే పిలవాలి. ఎక్కించాక వేపాయింట్ల పేర్లు, ట్రాక్, దూరాలు, ఎత్తులు చార్టుతో ఒక్కొక్కటిగా సరిచూడండి. డేటాబేస్ సైకిల్ గడువు దాటి, చార్టు మాత్రం కొత్తదై, ఆ రెండూ కలవకపోతే ఆ అప్రోచ్ వదిలేసి ఐఎల్ఎస్ అడగండి.