జ్వరంతో వచ్చే ఫిట్స్ - మూడవ పాఠం: ఐదు నిమిషాలా, పదిహేను నిమిషాలా?

గత పాఠంలో నేను రెండు అంకెలను పక్కపక్కనే చెప్పి వదిలేయడం వల్ల మీలో చాలామంది తడబడ్డారని, మీరు పంపిన జవాబులు చదివాక అర్థమైంది. 15 నిమిషాలలోపు ఆగితే సాధారణ రకమని రాశాను కదా. అందుచేత అంతవరకు ఇంట్లోనే చూడవచ్చునని కొందరు తేల్చేశారు. అది ప్రమాదకరమైన పొరపాటు. ఈ వారం చెప్పవలసిన జ్వరం మందుల సంగతి ఆపి, ముందుగా దీనిని సరిచేస్తాను.

పదిహేను నిమిషాలన్నది వైద్యుల లెక్క. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు జ్వరంలో వచ్చిన ఫిట్స్ సాధారణమైనదా, కాదా అని అంతా అయిపోయాక నిర్ణయించడానికి వారు దానిని వాడతారు. ఒళ్లంతా కొట్టుకుందా, ఒక పక్కనే కొట్టుకుందా, 24 గంటలలో మళ్లీ వచ్చిందా అని అడిగేది కూడా అందుకే. ఐదు నిమిషాలన్నది ఇంటివారి లెక్క. ఐదు నిమిషాలైనా ఆగని ఫిట్స్ దానంతట అది ఆగే అవకాశం తగ్గుతుంది కనుక వెంటనే 108కి ఫోన్ చేయాలి. డాక్టరు ముందే ఫిట్స్ ఆపే మందైన మిడజోలం ముక్కు స్ప్రే రాసి ఇచ్చి ఉంటే, చెప్పిన మోతాదులో అప్పుడే వాడాలి. ఫిట్స్ రావడం మొదటిసారైనా, బిడ్డ ఊపిరికి ఇబ్బంది పడుతున్నా ఆ ఐదు నిమిషాలు కూడా ఆగకూడదు.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఫిట్స్ ఎప్పుడు ముగిసిందో గుర్తించకపోవడం. చంద్రగిరి వైపు నుంచి ఒక తల్లి తన బిడ్డకు ఇరవై నిమిషాలు వచ్చిందని రాశారు. వివరం అడిగితే, కాళ్లూ చేతులూ కొట్టుకున్నది రెండు నిమిషాలే. మిగిలినదంతా తరువాతి మగత నిద్ర. ఆ నిద్రను కలిపి చెబితే ఆసుపత్రిలో లెక్కే మారిపోతుంది, అవసరం లేని పరీక్షలు కూడా జరగవచ్చు. కొట్టుకోవడం ఆగి, ఒళ్లు మెత్తబడి, ఊపిరి సమంగా ఆడితే అదే ముగింపు. అయితే కళ్లు ఒక పక్కకు నిలిచిపోయినా, దవడ బిగుసుకుని ఉన్నా, ఒక వేలైనా లయగా అదురుతున్నా అది నిద్ర కాదు, ఫిట్స్ ఇంకా నడుస్తున్నట్టే లెక్కపెట్టండి. గంట దాటినా బిడ్డ మామూలు కాకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గడియారం చూసి, మొదలైన వేళను పెన్నుతో అరచేతిమీద రాసుకోవడం నా పద్ధతి. ఫోన్ 108 కోసం ఖాళీగా ఉండాలి.

పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో చెంచా పెట్టకపోవడం, చేతిలో తాళంచెవులు ఉంచినందువల్ల ఉపయోగం లేకపోవడం మొదటి పాఠంలోనే చెప్పాను.

అభ్యాసం: ఈ రాత్రి ఇంట్లో అందరూ, అవ్వతో సహా, గడియారం చూడకుండా ఐదు నిమిషాలు అయ్యాయనుకున్నప్పుడు చెయ్యెత్తండి, ఎవరు ఎంత తప్పారో రాయండి. తరువాత, అర్ధరాత్రి రెండు గంటలకు మీ ఊరి నుంచి తిరుపతి రుయా ఆసుపత్రికి, చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ఆ దారిలో బండి నడిపేవారిని అడిగి రాయండి. పాకాల చుట్టుపక్కలవారు రెండింటిలో ఎటు వెళ్లాలో ఇంటిల్లిపాదీ కలిసి ఇప్పుడే తేల్చుకోవాలి.