పాత యుద్ధకాలపు జీపు కొన్నారా? రంగు డబ్బా ఆఖర్న తెరవండి

రెండో ప్రపంచ యుద్ధం జీపు అని చెప్పి మన దగ్గర అమ్మేవాటిలో చాలావరకు తర్వాత మహీంద్రా వాళ్లు చేసినవే. అవీ మంచి బండ్లే, కాకపోతే అంత ధర పెట్టక్కర్లేదు. యుద్ధకాలంలో చేసిన అసలు జీపులు రెండు రకాలు, విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ. వీటిలో దేనికైనా, తొలి విడతవి వదిలేస్తే, ముందు గ్రిల్‌లో తొమ్మిది స్లాట్లుంటాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, వెనక తెరుచుకునే డోర్ ఉండదు. గ్రిల్ ఎవరైనా మార్చేయొచ్చు కాబట్టి కిందికి వంగి రేడియేటర్ దగ్గర ఛాసిస్ అడ్డకమ్మీ చూడండి: గుండ్రటి గొట్టమైతే విల్లీస్, పెట్టెలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టారు. తుప్పు గీకుతుంటే నాకది కనబడిన రోజు ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను, ఎవరికీ ఏమీ అనిపించలేదు.

బండి రాగానే స్టార్ట్ చేయాలని చేతులు లాగుతాయి. ఆగండి, ముందు బ్రేకులు. నాలుగు చక్రాలకూ ఒకే లైను, ఎక్కడ లీకైనా పెడల్ నేలకంటుతుంది, అందుకే మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి వేయండి. చక్రాలు రెండు ముక్కలుగా నట్లతో బిగించిన రకమైతే, వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోయాకే ఆ నట్ల మీద స్పానర్ పెట్టాలి. గాలి ఉండగా విప్పితే రిమ్ము ఎగిరి ప్రాణం తీస్తుంది, పంక్చర్ షాపు కుర్రాడికి ఈ మాట దగ్గరుండి చెప్పండి.

ఇంజన్ పట్టేసి ఉంటే ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో కాస్త డీజిలు పోసి రెండు మూడు రోజులు వదిలేయండి, తర్వాత ముందువైపు దూర్చి తిప్పే హ్యాండిల్‌తో మెల్లగా కదిలించండి. హ్యాండిల్ పట్టినప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి, కింద నుంచి పైకి లాగాలి తప్ప పైనుంచి తొక్కకూడదు, ఎదురు తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే, దాన్ని దించి కడగకపోతే ఆ తుప్పంతా కార్బురేటర్‌లోకే. ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు ఆగదు, కాబట్టి పైపులతో పాటు పెట్రోల్ పంపులో ఉండే పొర, అదే డయాఫ్రమ్, కూడా మార్చాలి.

కరెంటు 6 వోల్టులే. సెల్ఫ్ నీరసంగా తిరిగితే అందరూ బ్యాటరీని తిడతారు. నేనూ రెండు బ్యాటరీలు కొన్నాక గానీ ఎర్త్ వైరు కింద పెయింటు గీకలేదు, గీకిన వెంటనే గిర్రున తిరిగింది. అదే పనికి 12 వోల్టులతో పోలిస్తే 6 వోల్టుల్లో ఆంపియర్లు రెట్టింపు కావాలి, కాబట్టి లావు వైర్లు వేసి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించండి.

ఇక రంగు. మిలిటరీ ఆలివ్ గ్రీన్ వేయాలని అందరికీ ఉంటుంది, కానీ మన మోటారు వాహనాల నియమాల ప్రకారం అది రక్షణ శాఖ బండ్లకే, ఆర్టీవో ఆఫీసులో అడగకుండా డబ్బా కొనకండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో వీఏ అని వస్తుంది, ఫీజు 20,000, గడువు పదేళ్లు. దానితో ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి వెళ్లొచ్చు గానీ రోజూ ఆఫీసుకు కాదు.

నడపడం దగ్గరికొస్తే, ఫస్ట్ గేరుకి సింక్రో, అంటే గేర్ల వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయండి. హ్యాండ్ బ్రేక్ బండి ఆగాక లాగేదే, అది పట్టేది చక్రాల్ని కాదు, షాఫ్టుని. తారురోడ్డు మీద ఫోర్ వీల్ వద్దు, బురదలో వాడి పొడి రోడ్డెక్కాక ఫోర్ వీల్ లివర్ వెనక్కి రాకపోతే గుద్దకుండా కొంచెం రివర్స్ చేయండి, వదులుతుంది. ఎడమ స్టీరింగ్ కాబట్టి లారీ వెనక పడితే ఎదుట ఏం వస్తోందో మీకు కనబడదు, కుడిపక్కన కూర్చున్నవాళ్లే చెప్పాలి. నాకు మా బావమరిది చెబుతాడు, ఆయన నిద్రపోతే నేను లారీ వెనకే.