వారంలో ఒక రోజు పోయినా కుంటుపడని వర్కౌట్ స్ప్లిట్

సోమవారం సాయంత్రం ఏడింటికి విజయవాడలో ఏ జిమ్‌కి వెళ్లినా బెంచ్ దొరకడం కష్టం. అందరికీ అది చెస్ట్ డే. అదే జిమ్‌లో శనివారం రాత్రి స్క్వాట్ ర్యాక్ దగ్గర ఒక్క మనిషి కనిపించడు. ఆటోనగర్ వైపు 14 ఏళ్లుగా ట్రైనర్‌గా చేస్తున్నాను. "కాళ్లకి కండ రావట్లేదన్నా" అని వచ్చే ప్రతి కుర్రాణ్ణీ ముందు అడిగేది, కాళ్లకి ఏ రోజు పెట్టావని. చాలామంది చెప్పేది శనివారమే.

నేనూ అలాగే పెట్టుకున్నాను. స్పేర్ పార్ట్స్ షాపులో పనిచేసే రోజుల్లో, జిమ్ గోడకి అంటించిన చార్ట్ చూసి ఆరు రోజుల స్ప్లిట్, అంటే ఏ రోజు ఏ కండకో పంచే లెక్క, రాసుకున్నాను. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, తర్వాత షోల్డర్స్, బైసెప్స్, ట్రైసెప్స్, చివర్న శనివారం కాళ్లు. ఆ శనివారమే సరుకు లారీ వచ్చేది. దింపించి, లెక్క రాసి బయటపడేసరికి పది దాటేది. ఏడాది తర్వాత నోట్‌బుక్ తిరగేసి లెక్కపెడితే 52 శనివారాల్లో కాళ్లు చేసింది 19. అప్పట్నుంచి ఎవరికి స్ప్లిట్ రాసినా ముందు ఒకటే చూస్తాను: ఈ వారంలో ఒక రోజు ఎగిరిపోతే ఏ కండ పస్తుంటుంది?

రోజుకో పార్ట్ పద్ధతిలో దెబ్బ తగిలేది ఇక్కడే. ఒక రోజు పోతే ఆ కండకి వారమంతా పోయినట్టే, మళ్లీ దాని వంతు వచ్చేసరికి 14 రోజులు. వర్కౌట్ చేశాక కండ కొత్తగా కట్టుకునే పని మొదటి ఒకటి రెండు రోజులు జోరుగా సాగి, తర్వాత తగ్గిపోతుంది. అందుకే ఉద్యోగం, షాపు, కాలేజీ ఉన్నవాళ్లకి ఒక్కో కండనీ వారానికి రెండుసార్లు తాకే స్ప్లిట్టే రాస్తాను. ఒకసారి పోయినా రెండోది మిగులుతుంది. రోజుకో పార్ట్ చేస్తే కండ రాదని అనను, వస్తుంది. కానీ దానికి ఏ రోజూ తప్పని జీవితం ఉండాలి. 1992 నుంచి 1997 దాకా వరసగా ఆరుసార్లు బాడీబిల్డింగ్‌లో పెద్ద పోటీ మిస్టర్ ఒలింపియా గెలిచిన డోరియన్ యేట్స్ కూడా వారానికి నాలుగు రోజులే వెయిట్స్ చేసేవాడు. నాలుగు రోజులంటే తక్కువని ఎవరైనా అంటే నేను ఆయన పేరే చెబుతాను.

స్ప్లిట్ రాయడానికి ముందు సెట్లు లెక్కపెట్టండి, రోజుల సంగతి తర్వాత. బరువుని ఒకసారి లేపి దించితే ఒక రెప్, ఆగకుండా వరసగా చేసిన రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్. ఒక్కో పెద్ద కండకి వారం మొత్తం మీద 10 నుంచి 20 సెట్లు, కొత్తవాళ్లకి 10 చాలు. వార్మప్ సెట్లు ఇందులోకి రావు. చివర్లో ఇంకొక్కటి రెండు రెప్స్ మాత్రమే మిగిలేంత కష్టపడ్డ సెట్టే సెట్టు. చెస్ట్ డే పేరుతో ఒక్క పూటలో 18 సెట్లు లాగేవాళ్లని చూస్తుంటాను. ఎనిమిదో తొమ్మిదో సెట్ దాటాక రాడ్ మీద బరువు సగమైపోతుంది. ఆ సెట్లలో సగం ఇంకో రోజుకి మార్చితే అదే కండ అదే బరువుని తాజాగా లాగుతుంది.

ఇప్పుడు అసలు రాయడం. మొన్న వస్త్రలత మార్కెట్‌లో హోల్‌సేల్ బట్టల షాపులో పనిచేసే తమ్ముడు ఒకడికి రాసిచ్చాను. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉద్యోగం, ఆదివారం ఒక్కటే సెలవు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తెమ్మన్నాను. ఏడు గడులు గీసి, నీకు బాగా నిద్రపట్టే రాత్రి ఏదిరా అంటే, "శనివారం రాత్రన్నా, తెల్లారి లేవక్కర్లేదు" అన్నాడు. వెంటనే ఆదివారం గడిలో కాళ్లు అని రాయించాను. అన్నిటికన్నా బరువైన పనికి అన్నిటికన్నా మంచి రోజు ఇవ్వాలి. వారంలో మీ మంచి రోజేదో మీకే తెలుసు, కాళ్లు అక్కడ పెట్టండి.

వాడిది ఇలా కుదిరింది. ఆదివారం స్క్వాట్ 4 సెట్లు, లెగ్ ప్రెస్ 3, లెగ్ కర్ల్ 3, కాఫ్ రైజ్ 4. సోమవారం పై శరీరం: బెంచ్ ప్రెస్ 4, బార్‌బెల్ రో 4, ఓవర్‌హెడ్ ప్రెస్ 3, లాట్ పుల్‌డౌన్ 3, బైసెప్స్ 3, ట్రైసెప్స్ 3. బుధవారం మళ్లీ కాళ్లే, కానీ ఈసారి తొడ వెనకభాగానికి ముందు వంతు: రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 4, లంజెస్ 3, లెగ్ ఎక్స్‌టెన్షన్ 3, లెగ్ కర్ల్ 3, కాఫ్ 3. శుక్రవారం ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ 4, పుల్ అప్స్ 4, కేబుల్ రో 3, ఫ్లై 2, లాటరల్ రైజ్ 3, బైసెప్స్ 3, ట్రైసెప్స్ 3. కూడితే చెస్ట్‌కి 10, బ్యాక్‌కి 14, తొడ ముందుభాగానికి 13, వెనకభాగానికి 10. చేతులకి ఆరేసి తక్కువేమో అనిపిస్తుంది కానీ, రో లాంటి లాగే వాటిల్లో బైసెప్స్, ప్రెస్ లాంటి తోసే వాటిల్లో ట్రైసెప్స్ పనిచేస్తూనే ఉంటాయి. ఇవన్నీ పొద్దున షాపుకి ముందే, గంటా పదినిమిషాల్లో అయిపోతాయి.

రోజులు పక్కపక్కన పెట్టేటప్పుడు నడుం సంగతి మర్చిపోకండి. డెడ్‌లిఫ్ట్ చేసిన మర్నాడే స్క్వాట్ పెడితే నడుం కోలుకోదు, నిలబడి పనిచేసేవాళ్లకి మరీను. అలాగే చెస్ట్ చేసిన మర్నాడు షోల్డర్స్ పెడితే భుజం ముందుభాగం అలసటతోనే వస్తుంది. ఎప్పట్నుంచో నడుం నొప్పి, మోకాలి నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్‌కి చూపించుకున్నాకే ర్యాక్ దగ్గరికి రండి.

ఒక రోజు పోతే ఏం చేయాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. రోజుల పేర్లు పట్టుకోకుండా వరస పట్టుకోండి. బుధవారం రాలేకపోతే గురువారం వచ్చి బుధవారానిదే చెయ్యాలి. దాన్ని వదిలేసి శుక్రవారానిది అందుకోకూడదు. వారం కాస్తా ఎనిమిది రోజులైనా నష్టం లేదు. కాకపోతే రెండు రోజులవి ఒకే పూట కలిపి లాగొద్దు. దానివల్ల రెండూ సగం సగమే అవుతాయి.

నోట్‌బుక్‌లో ప్రతి సెట్టూ రాయాలి. తమ్ముడి మొదటి సోమవారం పేజీలో "బెంచ్ 50: 8, 8, 7, 6" అని ఉంది. తర్వాతి సోమవారం "8, 8, 8, 7". ఒక్క రెప్ పెరిగినా ఆ స్ప్లిట్ పనిచేస్తున్నట్టే. నాలుగు సెట్లలోనూ 10 వచ్చిన రోజున రాడ్‌కి అటూ ఇటూ 1.25 కేజీల ప్లేటు ఎక్కించి, 52.5తో మళ్లీ కిందినుంచి మొదలుపెట్టాలి. మూడు వారాలు అంకె కదలకపోతే స్ప్లిట్ మార్చే ముందు నిద్ర, తిండి చూసుకోండి. ఒంటి బరువు కేజీకి 1.6 గ్రాముల ప్రోటీన్ అందాలి. అంటే 65 కేజీల వాడికి రోజుకి నూరు గ్రాముల పైనే. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కాబట్టి రెండు గుడ్లు తిని తిండి సరిపోయిందనుకోవద్దు.

ఆరేడు వారాలకోసారి ఒక వారం సెట్లు సగానికి తగ్గించి ఒంటికి ఊపిరి ఇవ్వాలి. సంక్రాంతి వారం దీనికి చక్కగా సరిపోతుంది. మాల వేసుకునేవాళ్లకి మాత్రం వేరే లెక్క రాస్తాను. అయ్యప్ప దీక్షైనా, భవానీ దీక్షైనా 41 రోజులు ఒంటిపూట భోజనం, నేల మీద పడక. ఆ రోజుల్లో బరువు ఎక్కించే ప్రయత్నమే వద్దు. రాడ్ మీద బరువు అంతే ఉంచి సెట్లు సగం చేయండి, వారానికి రెండు రోజులు వచ్చినా చాలు, ఉన్న కండ పోదు. పాలు, పెరుగు, పప్పు, పనీర్, మీల్ మేకర్ గట్టిగా తినండి. మాల తీసిన మొదటి వారం మూడింట రెండొంతుల సెట్లు చేసి, మూడో వారానికి పాత లెక్కకి రండి.